ఆముదం తాగిన ఇంజను

నా చిన్నప్పుడు మేము ఆదోనిలో ఒక పత్తి సావుకారు మిల్లు వెనక ఒంటి గదిలో ఉండేవాళ్లం. మేమంటే నేనూ, మా జేజీ. జేజి అంటే మా నాయన తల్లి. అమ్మానాయనలు ఆలూరు దిక్కు కూలి పనులకు పోయి, పదిరోజులకొకసారి వచ్చి నన్ను చూసిపోయేవాళ్లు. జేజి సావుకారింట్లో గిన్నెలు తోమేది, దీపపు సెమ్మెలు తోమేది, కసువు ఊడ్చేది. ఆ పని ఉన్నన్నాళ్లే ఆ గది మాది. ఈ సంగతి నాకు తొమ్మిదేళ్లకే బాగా తెలుసు. నేను అల్లరి చేసినప్పుడల్లా జేజి ఆ మాటే చెప్పి నా నోరు మూయించేది.

మిల్లు షెడ్డులో పత్తి బోరాల వెనక ఒక పాత కారు ఉండేది. మా తాత దానికి డ్రైవరు. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క దాన్ని లోపల పెట్టారట. ఆ తర్వాత సావుకారు వేరే కారు కొన్నాడు, ఇది అక్కడే ఉండిపోయింది. తాతను నేను చూడలేదు. పోయే ముందు ఆయన జేజికి ఒక పని అప్పజెప్పాడు. ఇంజను నెత్తిన నాలుగు చిన్న ఇత్తడి గిన్నెలు ఉండేవి, ఒక్కొక్క దానికి ఒక బుల్లి కుళాయి. పండగ పండగకీ వాటిలో ఇంత నూనె పొయ్యమని, లోపల ఎండిపోతే అది మళ్లీ లేవదని చెప్పాడు.

తాత చెప్పింది ఇంజను నూనె సంగతి. ఆ ముక్క మా జేజికి ఎవరు విడమరిచి చెప్పాలి? నూనె అంటే ఆమెకు ఆముదమే. తలకు ఆముదం, దీపానికి ఆముదం, కాలు బెణికితే ఆముదం. ఉగాదికీ దసరాకీ పొద్దున్నే నా మాడు మీద ఇంత పెట్టి రుద్ది, అదే గిన్నె పట్టుకుని షెడ్డులోకి పోయేది. నేను కుళాయిలు తిప్పేదాన్ని, ఆమె గరిటెతో పోసేది. నీకూ దానికీ ఒకటే తలంటు అని నవ్వేది. నేను పుట్టకముందు నుంచీ ఇరవై ఏళ్ల పాటు ఆమె ఒక్క పండగ తప్పించలేదు.

నాకు తొమ్మిదేళ్లున్న ఏడు సావుకారు చిన్నకొడుకు పెళ్లి కుదిరింది. పెద్దకొడుకును అందరూ చిన్న సావుకారు అనేవాళ్లు. తమ్ముణ్ణి ఊరేగించే పెళ్లి మెరవణి ఆ పాత కారులోనే జరగాలని ఆయనకు పట్టుదల పుట్టింది. ఎమ్మిగనూరు నుంచి ఒక ముసలి మిస్త్రీని పిలిపించాడు. పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు పోయేవాడు. చేతులు నల్లగా, గడ్డం తెల్లగా ఉండేవి.

మొదటి రోజు ఆయన ముందున్న హ్యాండిల్ పట్టుకుని చూశాడు. అది వెంట్రుకంత కూడా కదల్లేదు. లోపల తుప్పు పట్టి ఉంటుందని ఇత్తడి గిన్నెల్లో కిరసనాయిలు పోసి, మూడు రోజుల్లో వదులుతుందని చెప్పాడు. నాలుగో రోజు కూడా అది అట్లాగే బిగుసుకుని ఉంది. బోరాలు మోసే హమాలీ ఒకడు గుమ్మంలో నిలబడి, "మూడు దినాలు తాపిస్తివి గదా మిస్త్రీ, ఇంగ అగ్గిపుల్ల గీకు, అదే లేసి ఉరుకుతాది" అన్నాడు. అందరూ నవ్వారు. మిస్త్రీ మాత్రం ఒక సన్న తీగె లోపలికి దూర్చి పైకి తీశాడు. దాని కొసకు గోధుమరంగు బంక అంటుకుని ఉంది. వాసన చూస్తే కిరసనాయిలు వాసనే తప్ప ఇంకేమీ తెలియలేదు.

"ఇది తుప్పు కాదప్పా. ఎవురో ఏందో పోసినారు. ఏం పోసినారో తెలిస్తే మందు తెలుస్తాది."

చిన్న సావుకారు మొహం ఎర్రబడింది. "ఎవుడు వాడు? తెలిస్తే మెడ పట్టి గేటు బయట పారేస్తా! రేపు లారీకి తాడు కట్టి లాగిస్తా. తిరక్క యాడికి పోతాది?"

"లాగితే లోపల కడ్డీలు ఇరుగుతాయి. ఇరిగినంక నన్ను పిల్సద్దు."

"ఇరిగితే పాత ఇనుము కింద గుజిరీకేస్తా."

నేను బోరాల పక్కన నిలబడి ఉన్నాను. గేటు బయట అన్న మాట ఒక్కటే నా చెవుల్లో తిరుగుతోంది. చెబితే మా గది పోతుంది. చెప్పకపోతే తాత జేజికి అప్పజెప్పిన బండి రేపటికి ఇనప ముక్కలవుతుంది. అన్నం తినలేదు. జేజి మొహం చూసే ధైర్యం కూడా లేకపోయింది.

సాయంత్రం మిస్త్రీ గేటు దగ్గర బల్ల మీద టీ తాగుతూ ఉంటే పోయి ఎదురుగా నిలబడ్డాను. ఏం పాపా అన్నాడు. ఒక్క గుక్కలో చెప్పేశాను. "మిస్త్రీ తాతా, దాంట్లో ఆముదం పోసినాము."

ఎందుకు పోశారని అడుగుతాడనుకున్నాను. పోసినాము అన్నాను కదా, ఇంకెవరు అని అడుగుతాడనుకున్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి, "ఎంత పోసినారు?" అని అడిగాడు.

"పండక్కి ఒక గరిటె."

"ఎన్ని పండగలు?"

"నేను పుట్టకముందు నుంచి."

ఆయన నెత్తి కొట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నా మీద కాదు, తన మీద. ఆముదానికీ కిరసనాయిలుకూ పడదని, మూడు రోజులు ఊరికే పోసుకుంటూ కూర్చున్నానని అన్నాడు. తర్వాత కొంచెంసేపు గడ్డం గోక్కున్నాడు. "తుప్పయితే నాకు తెల్సు. గడ్డకట్టిన ఆముదం సంగతి నాకు తెలీదు. ఎవురికి తెల్సు?"

నలభై ఏళ్లుగా ఇంజన్లు విప్పుతున్న మనిషి నాకు తెలీదు అనడం నేను అదే మొదటిసారి విన్నాను. ఆయన నన్నే అడుగుతున్నాడు. మా జేజికి తెలుసు, సెమ్మెలు తోముతుంది అని నా నోటి నుంచి వచ్చేసింది.

ఆయన నేరుగా పెరట్లోకి వచ్చి, గిన్నెలు తోముతున్న జేజి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "అవ్వా, ఆముదం గడ్డకట్టిన సెమ్మెను ఎట్ల తోముతావు?"

బూడిద పట్టుకున్న జేజి చెయ్యి ఆగిపోయింది. ఒకసారి నా వైపు చూసింది. నేను తల వంచుకున్నాను. ఆమె చెప్పింది. "గీకితే ఇత్తడి పోతాదప్పా. మళ్లా ఆముదమే కాంచి పోసి ఇడిసిపెట్టల్ల. పాతది మెత్తబడి కొత్తదాంతో కల్సి వచ్చేస్తాది. తొందరపడితే రాదు." తాత అప్పజెప్పిన పని సంగతి కూడా అప్పుడే చెప్పేసింది.

మర్నాడు లారీ రానే వచ్చింది, తాడు కూడా దింపారు. మిస్త్రీ కారుకు అడ్డంగా నిలబడి, పోసినోళ్లు దొరికినారు అన్నాడు. నేను జేజి పక్కకు పోయి నిలబడ్డాను. ఆయన దాచలేదు. అందరి ముందూ మా జేజిని చూపించాడు.

"మీ డ్రైవరు పెండ్లాము. మొగుడు నూనె పొయ్యమంటే ఈమె ఆముదం పోసింది. తప్పు తప్పే, ఇంజను పట్టేసింది. కానీ ఈమె పోయకపోయింటే తుప్పు ఎప్పుడో తినేసేది. ఈ పొద్దు నీకు లాగేదానికి గూడా ఏం మిగిలుండదు. లేపే ఉపాయము గూడా ఈమె దగ్గరే ఉంది. రెండు దినాలు ఈమెను నాకియ్యి, నాకు పని నేర్పిస్తాది."

చిన్న సావుకారు జేజి వైపు చూశాడు. జేజి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. రెండు దినాలే అని ఆయన లారీని పంపించేశాడు.

ఆ రెండు రోజులూ ఆ షెడ్డులో మా జేజి మాటే చెల్లింది. మూడు రాళ్లు పెట్టి ఆముదం కాచింది. పడిశం పట్టిన పిల్లల రొమ్ముకు కాపడం పెట్టినట్టు, వేడినీళ్లలో ముంచిన గోనెపట్టాలు ఇంజను మీద కప్పింది. మిస్త్రీ పూటకొకసారి హ్యాండిల్ మీద చెయ్యి వేసి, కొద్దిగా నొక్కి, ఊరుకునేవాడు. హమాలీలు బలం పెట్టబోతే వద్దనేవాడు. రెండో రోజు మధ్యాహ్నం అది వేలెడు కదిలింది. మిస్త్రీ "యా అల్లా" అన్నాడు, జేజి తన దేవుణ్ణి తలుచుకుని "తిక్కస్వామీ" అంది.

తర్వాత పనులన్నీ ఆయనవే. లోపలి జిడ్డు దింపాడు, టాంకీ కడిగాడు, తీగెలు మార్చాడు. ఒక పొద్దున హ్యాండిల్ తిప్పితే నాలుగుసార్లు దగ్గి, అయిదోసారి లేచింది. షెడ్డు నిండా తెల్లటి పొగ కమ్మింది. అదంతా ఆముదం వాసనే. హమాలీ దగ్గుతూ, "ఏం అవ్వా, మా అందరికీ తలంటు పోస్తివే" అన్నాడు.

బండిని బయటికి తీసి నడిపి చూసే ముందు మిస్త్రీ వెనక తలుపు తెరిచాడు. బరువు లేకుంటే బండి నడక తెలీదు, ఎక్కవ్వా అన్నాడు. చిన్న సావుకారు ఏదో అనబోయి, పని సంగతి కదా అని ఊరుకున్నాడు. అక్కడ జేజికంటే బరువైన మనుషులు పదిమంది ఉన్నారు. తన మొగుడు అన్నేళ్లు నడిపిన కారులో మా జేజి ఆ రోజే మొదటిసారి కూర్చుంది. మిల్లు ఆవరణ చుట్టూ రెండుసార్లు తిరిగింది. దిగేటప్పుడు సీటు మీద తను కూర్చున్న చోట కొంగుతో తుడిచింది.

ఆ సాయంత్రం నా తల దువ్వుతూ ఒక మాట చెప్పింది. మొదటి రోజే ఆమెకు అనుమానం వచ్చిందట. చిన్న సావుకారు కేక విన్నాక మాత్రం, చెబితే ఉన్న నీడ పోతుందని, నన్ను పెట్టుకుని యాడికి పోవాలని నోరు మెదపలేదట. రోజూ ఒకే చాప మీద పక్కపక్కన పడుకునేవాళ్లం, అయినా ఆ రోజు ఒకే సంగతి మనసులో పెట్టుకుని ఒకరికొకరం చెప్పుకోలేకపోయాం. ఆ ఒక్క కేక మా ఇద్దరి నోళ్లూ కట్టేసింది. ఎంత పోసినారు అన్న ఒక్క ప్రశ్న విప్పేసింది.

నేను బడికి పోయింది తక్కువ. పిల్లల్ని, మనవళ్లను పెంచడంలో నాకు తెలిసిన చదువంతా ఆ మిస్త్రీ బల్ల దగ్గర నేర్చుకున్నదే. తప్పును తప్పనే అంటాను, దాచను. కానీ ముందు ఏం జరిగిందో అడుగుతాను, ఎవరు చేశారని కాదు. మొన్న మా కోడలు బోరులో నీళ్లు లేవని చూసుకోకుండా మోటరు వేసి మరిచిపోయింది. కాయిలు కాలిపోయింది. మా వాడు ఇంటికి రాకముందే వచ్చి నా మంచం పట్టెమీద కూర్చుంది. "అత్తా, ఒకటి సెప్పల్ల" అంది. నేను పక్కకు జరిగి చోటిచ్చి, ఎంతసేపు ఆడిందమ్మా అని అడిగాను.