బీడీల గదికి ముదురు నీలం

2022 వేసవిలో మల్యాల దగ్గర ఒక కొత్త ఇంటికి రంగులు వేసే పని పట్టాను. నాది కోరుట్ల. ఇంటావిడ సుజాత బీడీలు చుడుతుంది. భర్త గంగాధర్ దుబాయిలో ఒక సేటు దగ్గర డ్రైవరు. పేచీ అంతా ముందు గది దగ్గరే వచ్చింది.

సేటు ఇంట్లో చూసిన ముదురు నీలమే కావాలని గంగాధర్ ఫోటో పంపాడు. సుజాత షేడ్ కార్డ్, అంటే రంగుల నమూనాల పుస్తకం, తిరగేసి ఐవరీ మీద వేలు పెట్టింది. మీగడ రంగు. ఇలాంటప్పుడు నేను శాంపిల్ ప్యాచ్ వేస్తాను. ఒకే గోడ మీద రెండు రంగులూ పక్కపక్కన పూసి, ఆరాక చూపిస్తాను. వీడియో కాల్లో నీలం నిగనిగలాడింది, ఐవరీ వెలవెలబోయింది.

“నీలం మస్తుగున్నది. గదే ఎయ్యన్నా,” అన్నాడు గంగాధర్.

“గా రూముల పొద్దంత కూసునేది నేను. ఆకుల చిల్లు కనవడకపోతే కార్ఖానల బీడీలు తీసి పారేస్తరు,” అంది సుజాత.

కొత్తిల్లు కట్టుకున్నా బీడీలేనా అని అతను గొంతు పెంచాడు. బీడీలు మానేస్తే బీడీ కార్మికురాలిగా ఉన్న కార్డు పోతుందని, దాంతో ముసలితనంలో వచ్చే పింఛనూ పోతుందని ఆమె అంది. అతను ఫోన్ పెట్టేశాడు. మొగుడూపెళ్ళాల తగాదాలో తలదూర్చేంత తెలివితక్కువవాణ్ణి కాను గానీ, ఆమె ముఖం చూస్తే భయమేసింది. ఆయన చెప్పిందే వెయ్యమని లోపలికి వెళ్ళిపోయింది.

నాలుగు గోడలూ నీలమయ్యాయి. అబద్ధమెందుకు, చూడ్డానికి బాగానే ఉంది. కానీ ఉన్నది ఒక్కటే కిటికీ. మధ్యాహ్నానికే గది మసకబారింది. సుజాత ఆకూ తంబాకూ ఉన్న చాట తీసుకుని వాకిట్లో కూర్చుంది.

అప్పుడే గంగాధర్ గది చూపించమని నాకు వీడియో కాల్ చేశాడు. చూసి మురిసిపోయాడు. సుజాత ఏదని అడిగితే ఫోన్ వాకిలి వైపు తిప్పాను. తల మీద కొంగు, ఒళ్ళో చాట, ముఖమంతా చెమట.

“గంత ఎండల ఎందుకు కూసున్నవ్?”

ఆమె తలెత్తలేదు. “లోపల ఆకు కనవడ్తలేదు.”

ఫోన్ మళ్ళీ గదిలోని కిటికీ వైపు తిప్పమన్నాడు. తిప్పాను.

“అన్నా, గామె చెప్పిన రంగే ఎయ్యి,” అన్నాడు. “నేను రెండేండ్లకోసారి అచ్చేటోన్ని.”

నీలాన్ని కప్పాలంటే ముందు ప్రైమర్, అంటే తెల్లటి అడుగు పూత, మళ్ళీ కొట్టాలి. నా నడుం పడిపోయింది. అయినా విసుగు రాలేదు. ఐవరీ పూర్తిగా ఆరకముందే సుజాత చాట తెచ్చుకుని కిటికీ కింద కూర్చుంది. నాకు ప్రాణం కుదుటపడింది.

ఇప్పుడు ఏ ఇంటికి వెళ్ళినా ఆ గదిలో పొద్దంతా ఎవరుంటారని ముందు అడుగుతాను. షేడ్ కార్డ్ వాళ్ళ చేతికే ఇస్తాను.