నడినెత్తి

జిల్లాలో భవన నిర్మాణానికి ప్రభుత్వం ముందుగా ఏం చెయ్యాలో రాసిమ్మని మా బిల్డర్ల సంఘం నన్నడిగింది. ఇంజనీరుని కదా, ఏసీ గదిలో కూర్చుని రాసేశాను. మొదటి అంశం: కూలీలందరికీ హెల్మెట్ తప్పనిసరి, లేనివాళ్లను పనిలోకి రానివ్వకూడదు. సంఘంలో చదివితే చప్పట్లు కొట్టారు. సిగ్గులేకుండా పొంగిపోయాను.

మర్నాడు గజపతినగరంలో మా స్లాబ్ పని దగ్గరికి కొత్త హెల్మెట్లు పట్టుకెళ్లాను. ఈ రూలు రాసింది నేనేనని చెప్పి, కాంక్రీటు మోసే ఒకామెకి నేనే తొడిగాను. ఆమె దానిమీద కాంక్రీటు నిండిన ఇనప గమేళా ఎత్తించుకుంది. రెండడుగులు వేసేసరికి గమేళా జారి, కాంక్రీటంతా ఆమె భుజం మీద పడింది.

"ఏటి బాబూ ఇది? నెత్తిమీద మోసీవోలం. దీన్నెట్టుకుంతే గమేళా ఎక్కడెట్టాల? రాసినప్పుడు మా నెత్తేపు ఓపాలి సూసేవా?" అంది.

హెల్మెట్ తీసి నా చేతిలో పెట్టింది. పాతగుడ్డను చుట్టగా చుట్టి నెత్తిన పెట్టుకోబోయింది. ఆమె నడినెత్తిన, ఆ చుట్ట కూర్చునేంత మేర, ఒక్క వెంట్రుక లేదు.

అది నాకు తెలియనిదా? ఇటుకలు మోసి నన్ను చదివించిన మా అమ్మకీ అక్కడ జుట్టు లేదు. ఆదివారం చర్చిలో ముసుగు వేసుకుంటే కనపడేది కాదు. ఓసారి కాలేజీకి ముసుగు లేకుండా వచ్చింది. స్నేహితులు అడిగితే, టైఫాయిడ్ వచ్చి ఊడిపోయిందని చెప్పాను.

అప్పుడు అమ్మ నా పక్కనే ఉంది. వాళ్ల వైపు తిరిగి, "అవును బాబూ, జొరమే" అంది.