చక్రం వెనక రాయి

ఈ సంగతి రాయొద్దని మా బావ అన్నాడు. గట్టిగా ఏం అనలేదు, కాఫీ గ్లాసు కింద పెడుతూ మామూలుగా అన్నాడు. మా అక్క కుడిచేతికి ఏం జరిగిందో చిలకలూరిపేటలో మా వీధి అంతటికీ తెలుసు. ఎందుకు జరిగిందో పూర్తిగా తెలిసినవాళ్ళం మాత్రం ఇద్దరమే, నేనూ బావా. అక్క నేను రాసే ప్రతి ముక్కా చదువుతుంది. అందుకే బావ వద్దన్నాడు, అందుకే నేను రాస్తున్నాను.

నేను ముప్పై ఏళ్ళకు పైగా హైస్కూల్లో సైన్సు చెప్పాను. బావ అంతకంటే ఎక్కువ కాలం హైవే పక్కన తన షెడ్డులో లారీల గేరుబాక్సులు విప్పి బిగించాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. నాకు స్పానరు పట్టుకోవడం రాదు. "ఒకరికి చేతులు, ఒకడికి నోరు. ఇద్దర్నీ కలిపితే ఒక మనిషి అవుతాడు" అని అక్క మమ్మల్ని ఏడిపించేది. నాకు నవ్వొచ్చేది గానీ లోపల కాస్త మండేది కూడా. నోటితో బతికినవాణ్ణి, నోటిని తక్కువ చేస్తే ఊరుకోలేను.

నా చిన్నప్పుడు మా ఊరి పొగాకు కాల్చి ఆరబెట్టే బ్యారన్ల దగ్గరికి ఒక వ్యాపారి పెద్ద విదేశీ కారులో వచ్చేవాడు. పడవంత పొడుగు ఉండేది. దాని డ్రైవరు ఎడంకాలు ఊరికే పెట్టుకుని కూర్చునేవాడు. క్లచ్చు లేదు, గేర్లు వాటంతటవే పడతాయి అని చెబితే నేను నమ్మలేదు. రిటైరయ్యాక మార్టూరులో నా పాత విద్యార్థి ఒకడి రాళ్ళ పాలిషింగు యూనిట్‌లో, తెల్లటి రాతిపొడి కింద, అలాంటి కారే కనబడింది. అదే కారో, దాని తోడబుట్టినదో తెలియదు. "కదలదు మాస్టారూ. ఇంజను తిరుగుద్ది, గేరు వేస్తే అరుస్తది, జరగదు. ఇష్టమైతే తీసుకుపొండి" అన్నాడు. లారీ మీద ఎక్కించి బావ షెడ్డుకు తెచ్చాం.

బావ దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. కింద దూరి గేరుబాక్సు నూనె బిరడా విప్పాడు. ఎర్రగా ఉండాల్సిన నూనె నల్లగా కారింది. మాడిన పోపు వాసన వేసింది. "లోపల ప్లేట్లు కాలిపోయినయ్యిరా. నేను ఇట్టాంటిదాన్ని ఎప్పుడూ విప్పలా. నువ్వు పుస్తకం చదివి చెప్తే విప్పుతా" అన్నాడు. లారీ అయితే ఆయన నన్ను షెడ్డులోకి కూడా రానిచ్చేవాడు కాదు. నేను పొంగిపోయాను. మర్నాటి నుంచే ఆ కారు ఇంగ్లీషు రిపేరు పుస్తకం తెప్పించే పని మొదలుపెట్టాను. లోపలి సామాను చెన్నైలో పాత కార్ల పని చేసే ఒకాయన పంపాడు.

పుస్తకంలో మొదటి పేజీలోనే ఒక హెచ్చరిక ఉంది. ఈ గేరుబాక్సులో నూనె సన్నటి దారుల్లో పరిగెడుతుంది, ఒక్క నూలుపోగు చేరినా దారి మూసుకుపోతుంది, దూది గాని పీచు గాని దగ్గరికి రానివ్వొద్దు అని. ఇది నేను చదివి చెప్పాక బావా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. షెడ్డు పక్కనే జిన్నింగు మిల్లు. అది పత్తి సీజను. గాలినిండా పీచే, టీ గ్లాసులో కూడా తేలుతుంది. అక్క తన పాత చీరలు తడిపి షెడ్డు చుట్టూ దడిలా కట్టింది. గంటకోసారి వచ్చి మళ్ళీ తడిపేది. సాయంత్రానికి ఆ చీరల మీద దూది మంచులా పట్టేది. వాటిని చూసినప్పుడల్లా నాకు ప్రమాదం బయటే ఆగిపోయిందని ధైర్యం వచ్చేది. ఆ ధైర్యం తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

పని నెలన్నర సాగింది. నేను కుర్చీలో కూర్చుని ఒక్కో వాక్యం తెలుగులో చెప్పేవాణ్ణి, బావ చేసేవాడు. విప్పిన ప్రతి ముక్కనూ వరుస తప్పకుండా పరిచేవాడు. కొత్త ప్లేట్లు బిగించే ముందు ఎర్ర నూనెలో నానబెట్టాలని చదివితే అక్క ఆవకాయ కలిపే పెద్ద బేసిన్ తెచ్చి ఇచ్చింది. "మినప్పప్పు నానేసినట్టు నానెయ్యండి. ఇంక ఈ బేసిన్‌లో ఆవకాయ కలిపితే మీ ఇద్దరికే పెడతా" అంది. కుడిచేత్తో ఆ ప్లేట్లను నూనెలోకి ఒక్కొక్కటే వదిలింది. ఆ చేతికి అప్పుడు రెండు గాజులు ఉన్నాయి. ఆ సంగతి నాకు ఎందుకు గుర్తుందో చెప్పలేను.

గేరుబాక్సు మళ్ళీ కారు కిందికి ఎక్కించిన రోజు ఒక చిన్న లోటు కనబడింది. స్టీరింగు పక్కనుండే గేరు కర్రకూ కింద గేరుబాక్సుకూ మధ్య ఒక కడ్డీ ఉంటుంది. ఆ కడ్డీ కొసన, అది వదులు కాకుండా, వేలి ఉంగరమంత నైలాన్ బుష్ ఒకటి ఉండాలి. పాతది పొడిపొడిగా రాలిపోయింది. చెన్నై నుంచి వచ్చిన సామానులో అది లేదు. బావ డీజిలు గొట్టం ముక్క కోసి దాని స్థానంలో దూర్చాడు. "లారీకి ఇది పదేళ్ళు ఆగుద్ది" అన్నాడు. నిజమే, లారీకి ఆగుతుంది.

ఆ పూట నాకు ఆకలిగా ఉంది. కరెంటు పోయింది. పొద్దున బావ పక్క షెడ్డువాళ్ళ ముందు "మా మాస్టారు పాఠం చెప్తుంటే నట్లు కూడా నిద్రపోతన్నయ్యి" అని నవ్వించాడు. ఆ మాట నాకు గుచ్చుకుని ఉంది. పుస్తకంలో ఇంకొక్క పేజీ మిగిలింది. కడ్డీ సర్దుబాటు అని పైన ఉంది, కింద నల్లగీతల మధ్య ఒక హెచ్చరిక ఉంది. నేను దాన్ని చూశాను. చదవలేదు. కడ్డీ ఎలాగూ బిగించాడు కదా, ఇంకేం సర్దుతాం అనుకున్నాను.

"ఇంకేమన్నా ఉందా అందులో?" అని బావ కారు కింద నుంచి అడిగాడు.

"లేదు, అంతే" అన్నాను. పుస్తకం మూసి అన్నానికి వెళ్ళాను.

కారు నడిచింది. జాకీల మీద ఉండగా గేరు కర్ర కదిపితే వెనక చక్రాలు తిరిగాయి, ఆగాయి, వెనక్కి తిరిగాయి. కర్రను పైకంటా తోసి, బండి కదలకుండా పట్టే పార్కింగులో పెడితే గేరుబాక్సు లోపల టక్కుమని పట్టుకుంది. చక్రాలకు వెళ్ళే షాఫ్టును బావ చేత్తో తిప్పబోయినా తిరగలేదు. ఒక్కోసారి మాత్రం ఆ టక్కు వినబడేది కాదు. కర్రను కాస్త గట్టిగా నొక్కితే వినబడేది. "కొత్తది గదా, కుదురుకుంటది" అన్నాడు బావ. చేతి బ్రేకు తీగ ఎప్పుడో తెగిపోయింది. దాన్ని తర్వాత చూద్దామన్నాం, ఎందుకంటే చక్రం వెనక రాయి ఉంది. బావ షెడ్డులో ఏ బండి నిలిపినా చక్రానికి రాయి పెట్టకుండా పక్కకు జరగడు. మార్టూరు నుంచి తెచ్చిన నల్లరాతి ముక్క అది, కోసిన అంచుతో, ఇద్దరు పట్టి ఎత్తేంత బరువు.

కారును మొదటిసారి బయటికి తీసే పూజకు మూడు రోజుల ముందు నేను ఒక్కణ్ణే షెడ్డులో ఉన్నాను. ఇంజను ఆన్ చేసి, కర్ర పార్కింగులో పెట్టి, బయట నిలబడి ఆ చప్పుడు వింటున్నాను. నాకు చాలా గర్వంగా ఉంది. ఉన్నట్టుండి కారు ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలి ఆగింది. ఇంజను చప్పుడు కాస్త బరువెక్కింది. వెళ్ళి ఇంజను ఆపేశాను. వంగి చూస్తే రాయి ఒరుసుకున్నట్టు సిమెంటు గచ్చు మీద తెల్లటి గీత ఉంది, బెత్తెడు పొడవు. పాత గీతే అయివుంటుంది అనుకున్నాను. చెప్పుతో రుద్దితే పొడి లేచింది. పాత గీత నుంచి పొడి లేవదని సైన్సు మాస్టారికి తెలుసు. అయినా నేను బావకు చెప్పలేదు. చెబితే మళ్ళీ అంతా విప్పుతాడు, పూజ ఆగిపోతుంది, నా పుస్తకం తప్పయిందంటాడు. ఆ మూడు రాత్రులూ నాకు సరిగ్గా నిద్రపట్టలేదు. ఇంట్లో అడిగితే వీధిలో ఆరబోసిన ఎండు మిర్చి ఘాటు వల్ల అని చెప్పాను.

పూజ ఉదయం పూట పెట్టుకున్నాం. కారు షెడ్డులో ముక్కు లోపలికి పెట్టి ఉంది, వెనక్కే బయటికి రావాలి. షెడ్డు నుంచి రోడ్డు దాకా కొంచెం వాలు. కొత్తగా బాగుచేసిన బండి మొదటిసారి బయల్దేరేటప్పుడు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం కదా, అవి ఈసారి చక్రాల వెనక వైపు పెట్టాలి. బావ షెడ్డులో ఆ నిమ్మకాయలు పెట్టేది ఎప్పుడూ అక్కే. ఆమె చేతితో పెట్టిన బండికి ఏమీ కాదని లారీ డ్రైవర్లు ప్రత్యేకం అడిగి పెట్టించుకునేవారు.

నేనే ఎక్కి ఇంజను స్టార్టు చేశాను, చల్లారితే మళ్ళీ ఒక పట్టాన స్టార్టు కాదని ఆపలేదు. పసుపు, కుంకుమ అయ్యాయి. అక్క నిమ్మకాయలు కొంగులో పోసుకుని వెనక్కి వచ్చి రాయిని చూసింది.

"బండి మొదటిసారి బయల్దేరతా ఉంటే చక్రానికి అడ్డం ఏందండీ? అశుభం. తీసెయ్యండి" అంది.

బావ రాయి మీద కాలు ఆనించాడు. నా వైపు చూశాడు. "పార్కింగులో పెట్టావుగా?" అన్నాడు.

"పెట్టాను" అన్నాను. నిజంగానే పెట్టాను. టక్కు వినబడిందో లేదో గమనించలేదు, అప్పటికే ఫోటో తీయడానికి ఫోను పట్టుకుని కిందికి దిగుతున్నాను.

బావ రాయిని పక్కకు దొర్లించాడు. అక్క ముందు చక్రాలకు రెండూ పెట్టి వచ్చింది. వెనక ఎడమ చక్రానికి పెట్టింది. కుడి వైపుది సరిగ్గా నిలబడక వాలులో దొర్లింది. దాన్ని పట్టుకుని మళ్ళీ చక్రానికి ఆనించి, కదలకుండా అరచేత్తో అదిమి పట్టుకుంది. నా ఫోనులో ఆమె నవ్వుతూ కనబడుతోంది. అప్పుడు ఇంజను చప్పుడు బరువెక్కింది. ఆ చప్పుడు నాకు తెలుసు, మూడు రోజుల కిందట విన్నాను. "అక్కా" అని అరిచేలోపు కారు వెనక్కి వచ్చేసింది.

నిమ్మకాయ పగిలిన వాసన ముందు వచ్చింది. ఆ తర్వాతే అక్క అరుపు.

గుంటూరు ఆసుపత్రిలో మణికట్టు పైదాకా తీసేశారు. ఆ చేత్తోనే మా అమ్మ పోయాక నాకు ముద్దలు కలిపి పెట్టింది. స్కూలుకు వెళ్ళేముందు నా తల దువ్వింది. నేను ఆసుపత్రి వరండాలో కూర్చుని ఏడ్చాను. బావ ఏడవలేదు. వచ్చినవాళ్ళందరితో ఒకటే మాట చెప్పాడు. "నేను పెట్టిన గొట్టం ముక్క వల్లే. నేను తీసిన రాయి వల్లే." నేను పక్కనే ఉన్నాను. ఆయన చెప్పిన ప్రతిసారీ విన్నాను, ఒక్కసారీ నోరు విప్పలేదు. నోటితో బతికినవాణ్ణి.

అక్క మూడు నెలలు బావతో సరిగా మాట్లాడలేదు. అడిగినదానికి గోడవైపు చూసి జవాబు చెప్పేది. బావ షెడ్డు తాళం వేశాడు. కారు మీద టార్పాలిన్ కప్పాడు, దాని మీద మిల్లు పీచు పట్టింది. ఆ తర్వాత ఒకనాడు అక్క తానే ఆయనను అన్నానికి పిలిచింది. అప్పట్నుంచి ఇల్లు మెల్లగా మామూలవుతోంది.

అది చూశాక నాకు ఇంక ఉండబట్టలేదు. పుస్తకం తీసుకుని వెళ్ళి, అరుగు మీద బావ పక్కన కూర్చుని, ఆ చివరి పేజీ తెలుగులో చదివాను. కడ్డీ బుష్ అరిగినా, వదులుగా ఉన్నా పైన కర్ర పార్కింగులో ఉన్నట్టు కనబడుతుంది, కింద గేరు పార్కింగుకూ రివర్సుకూ మధ్య ఆగిపోతుంది, ఇంజను అదురుకు రివర్సులో పడిపోవచ్చు, సర్దకుండా బండిని ఎవరూ వాడరాదు. నల్లగీతల మధ్య ఉన్నది అదే. తర్వాత గచ్చు మీది గీత సంగతి కూడా చెప్పాను.

బావ పుస్తకం తీసుకుని ఆ నల్లగీతల మీద వేలు పెట్టాడు. "ఆ రోజు అడిగా గదరా, ఇంకేమన్నా ఉందా అని" అన్నాడు.

"అడిగావు బావా."

లోపల గిన్నెల చప్పుడైంది. ఆయన గొంతు తగ్గించాడు. "మీ అక్కకి చెప్పమాక. నన్ను క్షమించటం దానికి అలవాటే, నలభై ఏళ్ళ నుంచి చేస్తానే ఉంది. నిన్ను ఎప్పుడూ క్షమించాల్సిన పని పడలా. ఇప్పుడు దానికి ఆ పని పెట్టమాక."

అక్క ఒక గ్లాసు కాఫీ తెచ్చి బావకు ఇచ్చింది. మళ్ళీ లోపలికి వెళ్ళి రెండోది తెచ్చింది, ఇప్పుడు రెండూ ఒకేసారి తేలేదు. నా ముందు నిలబడి చెయ్యి చాచింది.

"ఎడంచెయ్యిరా, ఏమనుకోమాక" అంది, ప్రతిసారీ అన్నట్టే.

నేను లేచి నిలబడి రెండు చేతులతో అందుకున్నాను.