ఎంగిలి మిషన్

కోరుట్లలో కొత్తగా పెట్టిన బర్గర్ల దుకాణంలో ఎవరి డ్రింకు వాళ్లే పట్టుకునే మిషన్ వచ్చిందని మా బిడ్డ చెప్పినప్పుడు ఇంట్లో అందరూ సంబరపడ్డారు. నేను మాత్రం ఆ సంబరంలో కలవలేదు. ఎనిమిదేళ్లు దుబాయిలో ఆ మిషన్ ముఖం చూసీ చూసీ, ఇక ఈ జన్మలో దానితో పని లేదనుకుని వచ్చినవాణ్ణి. మెట్‌పల్లిలో ఒక పసుపు దుకాణంలో కాంటా దగ్గర కూర్చుని నా మానాన నేను బతుకుతున్నాను. అలాంటిది అదే వెతుక్కుంటూ వచ్చి, బస్సెక్కితే అరగంట దూరంలో తిష్ఠ వేసింది.

మిషన్‌ను చూసి భయపడేంత పిరికివాణ్ణి కాను. నా భయమంతా ఇంట్లో నేనాడిన అబద్ధం గురించే.

దుబాయికి పోయిన మొదటి నెలలో మా ఆవిడ ఫోన్ చేసి, "ఏం పని ఇచ్చిండ్రు?" అని అడిగింది. అప్పుడు నా చేతిలో బ్రష్షుంది. ముందర బకెట్లో వేడినీళ్లు, అందులో మిషన్ ముక్కులు ఆరు నానుతున్నాయి. డ్రింకు కారే ప్లాస్టిక్ గొట్టాలను మేం ముక్కులనేవాళ్లం. రోజూ వాటిని ఊడదీసి, లోపల బ్రష్షు తిప్పి, కడిగి, తుడిచి, మళ్లీ బిగించాలి. వాటి కింద ఉండే జాలీ, జాలీ కింది పళ్లెం, చుట్టూ బంకబంకగా అయిన నేల, అన్నీ నా వాటాకే వచ్చాయి. కానీ ఇవి గల్ఫ్ పోయినవాడు ఫోన్లో చెప్పుకునే సంగతులా? మా వైపు నుంచి దుబాయి పోయినవాళ్లలో ఊడ్చేవాడు, తోమేవాడు ఒక్కడు కూడా దొరకడు. ఎవర్నడిగినా సూపర్‌వైజరే. మరి అక్కడ ఊడ్చేదెవరో, తోమేదెవరో నాకు ఈనాటికీ అర్థం కాదు.

"డ్రింక్స్ సెక్షన్ చూసుకుంటున్న" అని చెప్పాను.

ఆ తర్వాత నాకు ప్రమోషన్లన్నీ మా అత్తే ఇచ్చింది. గంభీరావుపేటలో ఆమె నోట పడ్డాక ఆ ఏడాది తిరిగేలోపే నేను ఇన్‌ఛార్జినయ్యాను. మొదటి సెలవు మీద వచ్చేసరికి నా కింద ఆరుగురు పని చేస్తున్నారు. రెండో సెలవుకు వాళ్లు పదిమందయ్యారు. అందులో ఒకడు నా మాట అస్సలు వినడట, వాడితో నేనెట్లా వేగుతున్నానో అని ఆమె దిగులు పడేది. కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నిజం చెప్పాలంటే వినడానికి బాగానే ఉండేది కూడా. ఆ మాట వినని వాడి మీద నాకే ఒకటి రెండుసార్లు కోపం వచ్చింది.

అత్త ఏమనుకున్నా పోనిద్దును. మా ఆవిడ నలుగురు ఆడవాళ్ల మధ్య కూర్చుని, "మా ఇంటాయన ఇన్‌ఛార్జి" అన్నప్పుడు ఆమె ముఖంలో ఒక వెలుగు వచ్చేది. ఆ వెలుగు నా వల్ల ఆరిపోకూడదు. తిరిగి వచ్చేసి రెండేళ్లయినా నాకున్న బెంగ అదొక్కటే.

మా బిడ్డ పదో తరగతి పాసయింది. ఏం కావాలే అంటే ఫోను అడగలేదు, బట్టలు అడగలేదు, కోరుట్ల మిషన్ దగ్గరికి తీసుకుపొమ్మంది. మనవరాలు పాసయిందని అత్త కూడా సిరిసిల్లలో బస్సు మారి మరీ వచ్చి కూర్చుంది. నాకు నడుము నొప్పి అన్నాను. దుకాణంలో పని ఉందన్నాను. మా ఆవిడ వినిపించుకోలేదు.

"గా మిషన్ గురించి తెల్సినోనివి నువ్వే రాకపోతె ఎట్ల?" అంది.

మా అత్త గురించి ఒక ముక్క చెప్పాలి. ఎంగిలి విషయంలో ఆమె ఎవరినీ నమ్మదు. గ్లాసు పెదవికి తాకనివ్వదు, తల వెనక్కి వంచి ఎత్తి పోసుకుంటుంది. గుంతల రోడ్డు మీద బస్సు ఎగిరెగిరి పడుతున్నా సరే, అంతే. పక్కన కూర్చున్నవాళ్ల బట్టలు తడుస్తాయి కానీ ఆమె నియమం తప్పదు. కన్నకూతురు తాగిన గ్లాసును కూడా కడగనిదే ముట్టదు.

దుకాణం చల్లగా, తళతళలాడుతూ ఉంది. ఒక్క గ్లాసు కొంటే ఎన్నిసార్లయినా పట్టుకోవచ్చని గోడ మీద పెద్ద అక్షరాలతో రాశారు. మిషన్ ముందు తెల్లపంచె కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. చాలాసేపు అట్లాగే ఉన్నాడు. ఎవరో వచ్చి పోస్తారని చూస్తున్నాడని నాకు అర్థమైంది. ఎవరి గ్లాసు వాళ్లే పట్టుకోవాలని కౌంటర్లో ఉన్న ఓనరు చెప్పగానే ఆయన ముఖం మాడిపోయింది.

"పైసలిచ్చి మల్ల నేనే పోసుకోవాల్నా? ఇంటికచ్చిన సుట్టానికి గిట్లనే జేస్తరా?" అని గ్లాసు కౌంటర్ మీద పెట్టి పోయి కూర్చున్నాడు. చివరికి ఓనరే లేచి పోసి ఇచ్చాడు.

ఇంకో మీసాల ఆయన దీనికి పూర్తిగా ఉల్టా. ఆయన మిషన్ దగ్గర్నుంచి కదలడమే లేదు. అర గ్లాసు పట్టడం, అక్కడే గటగటా తాగడం, మీసం తుడుచుకోవడం, మళ్లీ అదే గ్లాసుతో ముక్కు కింద ఉన్న మీటను నెట్టడం. నల్లది, పచ్చది, నారింజది, అన్నీ ఒక చుట్టు తిరిగి మళ్లీ నల్లదాని దగ్గరికి వచ్చాడు.

మా అత్త కళ్లు ఆ గ్లాసు అంచు మీదే ఉన్నాయి.

"అల్లుడా, గాయన మూతి పెట్టిన అంచుతోనే గా మీటను నూకుతుండు" అంది. "మల్ల గదే మీటకు మన గ్లాసు ఆనియ్యాల్నా? గిది ఎంగిలి మిషన్ గాదా?"

నేను నోరెళ్లబెట్టాను. దుబాయిలో ఎన్ని దేశాలవాళ్లో నా కళ్ల ముందు ఆ మీటను నెట్టారు. టై కట్టుకుని తనిఖీకి వచ్చిన ఆఫీసర్లు కూడా నెట్టి తాగారు. ఒక్కరికీ తట్టని సంగతిని గంభీరావుపేట మనిషి కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే పట్టేసింది.

"అవ్వా, గవన్ని మా ఇంటాయనకు తెల్సు. దుబాయిల గీ సెక్షన్ మొత్తం గాయినే చూస్తుండె" అని మా ఆవిడ పక్క టేబుల్ వాళ్లకు కూడా వినిపించేటట్టు చెప్పింది.

"అయితె అల్లుడే చూసి చెప్పాలె" అంది అత్త. "సాఫ్ ఉన్నదంటె తాగుత. లేదంటె మంచినీళ్లు తాగి పోత. నీ మాట మీద నాకు నమ్మకం."

ఇక తప్పేట్టు లేదు.

లేచి పోయి, నడుము వంచి, మిషన్ ముక్కులోకి కింద నుంచి చూశాను. నేను వద్దనుకున్నదే కనిపించింది. లోపల చుట్టూ నల్లటి జిగురు పట్టి ఉంది. తీపి ఉన్నచోట కడగకపోతే అట్లాగే పడుతుంది. పైనుంచి చూస్తే మిషన్ అద్దంలా మెరుస్తోంది. లోపల మాత్రం మురుగు మోరీ. మా బిడ్డ అప్పటికే నారింజది పట్టుకుని గ్లాసు ఎత్తుతోంది.

మంచిగనే ఉన్నది, తాగుండ్రి అంటే అయిపోయేది. ఇన్‌ఛార్జి ఇన్‌ఛార్జిగానే ఇంటికి పోయేవాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ చెయ్యి ఆగలేదు. బిడ్డ చేతిలోంచి గ్లాసు లాక్కున్నాను.

"గీ ముక్కులు ఎప్పుడు కడిగిండ్రు?" అని ఓనర్ని అడిగాను.

"రోజు తుడుస్తున్నం గదన్నా, చూడు ఎట్ల మెరుస్తుందో."

"పైన గాదు. ఊడదీసి కడిగిండ్రా?"

"గవి ఊడుతయా?" అన్నాడు.

జగిత్యాల నుంచి వచ్చి మిషన్ బిగించినవాడు స్విచ్చు ఎక్కడుందో చూపించి పోయాడట. అంతకుమించి ఈయన అడగలేదు, వాడు చెప్పలేదు. ఓనరు ముఖంలో మోసం లేదు పాపం. తెలియకపోవడం ఒక్కటే ఉంది.

వేడినీళ్లు, సబ్బు, ఒక కొత్త బ్రష్షు తెమ్మన్నాను. చొక్కా చేతులు మడిచాను. ముక్కును పట్టుకుని పావువంతు తిప్పితే ఊడి చేతిలోకి వచ్చింది. తర్వాత ఏం చేశానో నేను ఆలోచించి చేసింది కాదు. నానబెట్టడం, బ్రష్షు తిప్పడం, వెలుతురుకు ఎత్తి చూడటం, మళ్లీ తోమడం, అన్నీ చేతులే చేసుకుపోయాయి. జాలీ తీశాను, పళ్లెం తీశాను, మీటలను ముందు, వెనక, సందుల్లో రుద్దాను. అత్త వచ్చి నా భుజం పక్కనే నిలబడింది. పసుపు బేరానికి వచ్చినవాడు కొమ్ము విరిచి చూసినట్టు ప్రతి ముక్కునూ చేతిలోకి తీసుకుని లోపలికి చూసింది. మీసాల ఆయన గ్లాసు పట్టుకుని వరుసలో నిలబడ్డాడు.

సిగ్గు విడిచి చెప్తాను, ఆ పది నిమిషాలు నాకు గర్వంగా ఉంది. దుబాయిలో ఆ పని చేస్తుంటే ఒక్కరూ నిలబడి చూడలేదు.

అన్నీ బిగించి, చేతులు తుడుచుకుని వెనక్కి తిరిగితే దుకాణమంతా నన్నే చూస్తోంది.

"గింత సాఫ్ జేసుడు ఇన్‌ఛార్జిలకు రాదు అల్లుడా" అంది అత్త మెల్లగా.

ఓనరు నేరుగానే అడిగాడు. "అన్నా, దుబాయిల నువ్వు జేసిన పనేంది?"

మా ఆవిడ వైపు చూశాను. ఆమె కూడా జవాబు కోసమే చూస్తోంది.

"గిదే పని" అన్నాను. "ఎనిమిదేండ్లు గిదే జేసిన. నా కింద ఎవ్వలు లేకుండె."

మా ఆవిడ నా మీంచి చూపు తిప్పి బిడ్డ పక్కకు పోయి కూర్చుంది. అత్త మాత్రం ఒక క్షణం ఆలోచించి, పోయి గ్లాసు పట్టుకుని వచ్చింది. తల వెనక్కి వంచి ఎత్తి పోసుకుంది. గ్యాసు ముక్కులోకి ఎక్కి కళ్లనీళ్లు పెట్టుకుని దగ్గింది కానీ నియమం తప్పలేదు. పెదవి తాకలేదు కాబట్టి తన గ్లాసు ఎంగిలి కాదని, మళ్లీ పట్టుకునే హక్కు ఆ దుకాణంలో తనొక్కదానికే ఉందని అందరికీ చెప్పి నాలుగుసార్లు పట్టుకుంది. ఒకరిద్దరు ఆమెను చూసి ఎత్తి పోసుకోబోయి చొక్కాలు తడుపుకున్నారు.

తిరుగు బస్సులో మా ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఏం చెప్పాలో నాలో నేను అనుకుంటూ వచ్చాను. పరువు కోసం అన్నానని చెబుదామనుకున్నాను. నువ్వు బాధపడతావని దాచానని చెబుదామనుకున్నాను. తప్పంతా నీ తల్లిదే అనే మాట కూడా వచ్చింది కానీ ఆమె మా వెనక సీట్లోనే ఉంది.

ఇంటికి రాగానే మా ఆవిడ పెరట్లో నీళ్లు పోయే జాలారి దగ్గర పీట వేసుకుని, పొద్దున విడిచిన గిన్నెలు ముందర వేసుకుంది. పోయి పక్కన నిలబడ్డాను.

"అబద్ధం జెప్పిన" అన్నాను. "నీకు నామోషీ అయితదని."

ఆమె తల ఎత్తలేదు. "రోజు కడుగుతుంటివా?"

"రోజు."

"నేల గూడ?"

"నేల గూడ."

గిన్నె పక్కన పెట్టి అప్పుడు నా వైపు చూసింది. "నీకు గీ పని రాదనుకున్న" అంది. "పదిమందితోని పని జేయించినోడు, ఇంట్ల గిన్నె తోమమని ఎట్ల అడుగుదునని ఊకున్న. పోయినేడు నాకు వారం దినాలు జెరమచ్చినప్పుడు గోడ పట్టుకుంట అచ్చి నేనే తోముకున్న. నువ్వు గా గడపల కూసోని చూస్తుంటివి."

కూర్చున్నాను, నిజమే. ఆమె వణుకుతూ గిన్నెలు తోముతుంటే, చన్నీళ్లలో చెయ్యి పెట్టొద్దని గడపలోంచి సలహా కూడా ఇచ్చాను. అంతమంది ముందు మిషన్ దగ్గర రాని సిగ్గు అప్పుడు వచ్చింది. అనుకుంటూ వచ్చిన మాటల్లో ఒక్కటీ దీనికి పనికిరాలేదు.

ఆమె పీట మీంచి లేచి, పీచును గిన్నెలో పడేసి, చేతులు కడుక్కుని లోపలికి పోయింది. ఫ్యాన్ చప్పుడు వినిపించింది. నేను చొక్కా చేతులు మడిచి పీట మీద కూర్చున్నాను.

మూడో గిన్నె తోముతుండగా లోపలి నుంచి మా ఆవిడ గొంతు వచ్చింది.

"అడుగులు గూడ తోము."