కకారం, గకారం, నా పెళ్లి

పోయిన వారం హిందూపురం నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, పెద్దనాయన పోయినాడు" అన్నాడు. ఏడ్చాను. ఏడుస్తూనే నా పెళ్లిచూపులు గుర్తొచ్చి నవ్వేశాను. మా ఆయన కంగారుపడి మంచినీళ్లు తెచ్చాడు.

పెద్దనాయన హైస్కూల్లో తెలుగు పండితుడు. ఎవరు కనిపించినా ముందు ఇంటిపేరు అడిగేవాడు. "పేరు మీ నాయన పెట్టింటాడు. ఇంటిపేరు ఊరు పెట్టింటాది. ముందు అది చెప్పు" అనేవాడు. కన్నడం మాట్లాడే పిల్లలనూ వదిలేవాడు కాదు. "మీరు పెనుకొండదోరు అంటారు, మేం పెనుకొండోళ్లు అంటాం. రెండిట్లోనూ ఊరే ఉండాది" అని వాళ్లకు విడమరిచేవాడు.

తొంభైల్లో నాకు ధర్మవరం సంబంధం వచ్చింది. మా ఇంటిపేరు పెనుకొండ. సంబంధం తెచ్చినాయన అది మా ఊరనుకున్నాడట. తీరా చూపుల రోజు తేలిందేమంటే, వాళ్లు పెనుగొండ వారు. గోత్రాలు వేరే. అయినా అబ్బాయి అవ్వ, "ఇంటిపేరు ఒకటైతే అన్నాచెల్లెళ్లే" అంది. అబ్బాయి అప్పటికే నాకు నచ్చేశాడు.

మా నాయన చటుక్కున, "మాది 'క' అమ్మా, మీది 'గ'. వేరే పేర్లు" అన్నాడు. అవ్వ మెత్తబడింది.

"తప్పు!" అన్నాడు పెద్దనాయన. "రెండూ ఒకటే. పెను అంటే పెద్ద. దానికి కొండ కలిస్తే 'క' కాస్తా 'గ' అయితాది."

నాయన ఆయన వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. అవ్వ కొంగు సర్దుకుని లేచింది.

"యాడికి పోతాండావమ్మా?" అన్నాడు పెద్దనాయన. "ఒక మాట చెప్పు. పెనుకొండలో బస్సెక్కి ధర్మవరంలో దిగినోళ్లంతా అన్నదమ్ములేనా?"

"అదెట్లప్పా?"

"మన తాతలూ అంతే. ఒకాయన మీ పక్క పోయినాడు, ఒకాయన మా పక్క వచ్చినాడు."

"అప్పుడు బస్సులు యాడుండె?"

"ఎద్దులబండి అనుకోమ్మా!"

అవ్వ నవ్వి కూర్చుంది. కాఫీ మళ్లీ పెట్టారు. పెళ్లితో నా ఇంటిపేరులో మారింది ఒక్క అక్షరం. కాపురం మాత్రం చల్లగా సాగింది. ఆ పుణ్యం పెద్దనాయనదే.

రిటైరయ్యాక ఒకసారి ఆయనను పెనుకొండ తీసుకెళ్లాం. బస్టాండులో సోడా అమ్మే ఆయన "మీదే ఊరు?" అని అడిగితే, పెద్దనాయన హిందూపురమని చెప్పాడు. కాసేపటికి హిందూపురం బస్సు కదిలింది. "ఓ హిందూపురమాయనా! నీ బస్సు పోతాండాది!" అని సోడా ఆయన కేకేశాడు.

పెద్దనాయన కదల్లేదు. "ఇన్నావా పాపా, ఈడ నాకు కొత్త ఇంటిపేరు పెట్టేసినారు!" అన్నాడు. బస్సు రేపిన దుమ్ములో నిలబడి, సగం తాగిన సోడా చొక్కా మీద ఒలికిపోతున్నా, అట్లాగే నవ్వుతూ ఉన్నాడు.