జైలు కొలత సంగటి

బెంగళూరు జైల్లో రెండేళ్లు ఖైదీగా ఉండి వందలమందికి వంట చేసిన మా చింతామణి ఊరి నంజప్ప నిన్న విడుదలై ఇంటికొచ్చాడు. వీధిలో ఎవరూ పలకరించలేదు. ఈ ఉదయం సంగటి కెలకబోతే ఆయన చెయ్యి అలవాటుగా జైలు కొలతే పట్టింది.

“ఇంట్లో ఉండే రాగిపిండంతా పోసేస్తివే! ఇంత సంగటి ఎవురు తింటారు?” అని భార్య అరుపు వీధంతా వినిపించింది.

మా అవ్వ పళ్లెం తీసుకుని వెళ్లింది. “నంజప్పా, చల్లారితే రాయైపోతాది. నాకొక ముద్ద వెయ్యప్పా!”

“నా చేతిది తింటావా అవ్వా?”

“చేతిది కాదు, పళ్లెంలోది తింటా. వెయ్యి!”

ఆ తర్వాత వీధిలో ఇంటికొక పళ్లెం సంగటి కోసం వచ్చింది, నంచుకోను ఎవరింటి పులుసు వారిదే. సాయంత్రం అవే పళ్లాలు రాగిపిండితో ఆయనింటికి తిరిగెళ్లాయి. నేనైతే పొద్దున రెండు ముద్దలు తిని బడికి ఆలస్యంగా వెళ్లాను.

మీ వీధిలోనైతే మొదటి పళ్లెం ఎవరు పట్టుకెళ్లేవారు?