ఆలూరు దారిలో వారపత్రిక

శ్రావణ మాసం, గురువారం. ఆలూరు బస్సులో ఉన్నవారు: నేను, డ్రైవరు, కండక్టరు, మిరప నారుతో ఒక రైతు, ఒళ్లో పత్రికల కట్టలతో ఒక పెద్దావిడ.

ఆ దారిలోని పల్లెల కోసం ఆమె నాలుగు పేజీల వారపత్రిక నడుపుతోంది. వచ్చే వారం నుంచి ఆ దారికున్న ఈ ఒక్క బస్సునూ ఆపేస్తారనీ, ఆపొద్దని అడగడానికి రేపు పొద్దున అందరూ డిపోకు రావాలనీ మొదటి పేజీలో వేసింది.

"పెద్ద పేపర్లుండంగా దీన్నెవరు చదువుతారక్కా?" అని రైతు ఎగతాళి చేశాడు.

"పెద్ద పేపర్లో మీ ఊరి పేరు ఎప్పుడొస్తాదప్పా? బస్సు బోల్తా పడితేనే. నా దాంట్లో వారం వారం ఉండాది."

రైతు నవ్వి, ఒక కాపీ ఇమ్మన్నాడు.

ప్రతి పల్లె మలుపులోనూ ఎవరో ఒకరు ఎదురుచూస్తూ ఉన్నారు. ఆమె కిటికీలోంచి కట్ట అందిస్తూ, "చదువు రానోళ్లుండారు, టీ అంగడి కాడ గట్టిగా చదివి చెప్పప్పా" అనేది.

మరుసటి పొద్దున నేనూ డిపోకు వెళ్లాను. గేటు ముందు అన్ని పల్లెల జనమూ ఉన్నారు. మేనేజరు బయటికొచ్చి, బస్సు ఆపబోమని చెప్పాడు. ఆమె వచ్చినవాళ్ల పేర్లు, ఊర్లు అడిగి రాసుకుంటోంది.

"మీది ఏ ఊరప్పా?" అని నన్నూ అడిగింది.

నిటారుగా నిలబడి చెప్పాను.